పేరు కొట్టివేస్తే రక్షణ పోతుందా?



నిజముగా మారుమనస్సు పొందిన విశ్వాసి తన రక్షణను పోగొట్టుకొనగలడా? ఈ ప్రశ్న మన సంఘములలో ఏటేటా ఏదో ఒక రూపములో లేచుచునే యున్నది. బైబిలు తరగతిలో యౌవనస్థులు అడిగితే అది సిద్ధాంతమును గూర్చిన ప్రశ్న. త్రాగుడుకు బానిసయై పది సంవత్సరములుగా గుడి గడప త్రొక్కని కుమారుని గూర్చి తల్లి అడిగితే అది గుండెలోని ప్రశ్న. సర్వసభ్య సమావేశమునకు ముందు పెద్దలు సభ్యుల పట్టీ తెరచి, "ఈయన రాక ఎన్నేళ్లయినది? పేరు తీసివేయుదమా?" అని ఒకరినొకరు అడుగుకొన్నప్పుడు అదే ప్రశ్న మూడవ రూపములో వచ్చినది. మూడింటికి వేర్వేరు జవాబులు ఉండవు. యౌవనస్థులకు చెప్పిన జవాబు ఆ తల్లి యెదుట నిలువవలెను. తల్లికి చెప్పినది పెద్దల సమావేశములోను నిలువవలెను. పురసవాక్కములోను చుట్టుపట్ల వేపేరి, ఓటేరి, పులియాంతోపు, పెరంబూరులలోను స్థిరపడిన మన తెలుగు బాప్తిస్టు కుటుంబములను మనస్సులో ఉంచుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రెండు అభిప్రాయములు, ఒకే ఓడ

బాప్తిస్టులలో ఈ విషయమందు మొదటి నుండియు రెండు అభిప్రాయములున్నవి. 1611లో థామస్ హెల్విస్, ఆయనతో కూడిన ఇంగ్లీషు విశ్వాసులు తమ విశ్వాస ప్రకటనలో, కృప నుండి మనుష్యుడు తొలగిపోవుట సాధ్యమేనని చెప్పారు. వీరి నుండి వచ్చినవారిని జనరల్ బాప్తిస్టులన్నారు. 1644లో లండనులోని ఏడు సంఘములవారు వేరొక ప్రకటన చేశారు. దేవుడు నిజముగా పిలిచి తన ఆత్మచేత పరిశుద్ధపరచినవారు కడవరకు నిలుచుదురని వీరు నమ్మారు. 1689లో లండనులో సమకూడిన సంఘములు ఒప్పుకొన్న ప్రకటనలోను, 1742లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అసోసియేషను స్వీకరించిన దానిలోను, 1833 నాటి న్యూహాంప్‌షైర్ ప్రకటనలోను ఇదే బోధ కనబడును. అమెరికన్ బాప్తిస్టుల ద్వారా సువార్త పొందిన మనకు ఎక్కువగా వచ్చినది ఈ రెండవ బోధయే.

అయితే మన తెలుగు మిషను ఎట్లు పుట్టినదో జ్ఞాపకము చేసికొంటే ఒక సంగతి మనలను ఆలోచింపజేయును. తెలుగువారి యొద్దకు మిషనరీలను పంపుమని అమెరికన్ బాప్తిస్టులను బతిమాలినవాడు ఎమోస్ సట్టన్. ఆయన ఒరిస్సాలో పనిచేసిన ఇంగ్లీషు జనరల్ బాప్తిస్టు. విశ్వాసి తొలగిపోగలడని నమ్మిన వర్గములోనివాడు. 1835 సెప్టెంబరులో బోస్టను నుండి బయలుదేరిన లూవ్ర్ అను ఓడలో సట్టన్ గారును, మన మొదటి మిషనరీ శామ్యూల్ డే గారును, ఒరిస్సాకు వెళ్లుచున్న ఫ్రీ విల్ బాప్తిస్టు మిషనరీలును కలిసి ప్రయాణము చేశారు. 1836 ఆరంభములో ఆ ఓడ కలకత్తా చేరినది. డే గారు విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో కొంతకాలముండి, ఈ మద్రాసుకు వచ్చి, ఇక్కడ నుండి 1840లో నెల్లూరు చేరుకొన్నారు.

ఈ ప్రశ్నకు రెండు విధములుగా జవాబు చెప్పినవారు ఒకే ఓడలో మన యొద్దకు వచ్చారు. వారిలో ఎవరును సముద్ర మధ్యమున ఓడ దిగిపోలేదు. నేడు కూడా పురసవాక్కము వీధులలో లూథరన్ సహోదరులు, మెథడిస్టు సహోదరులు, పెంతెకొస్తు సహోదరులు మనకు పొరుగువారు. విశ్వాసి పడిపోయి నశించుట సాధ్యమని వారిలో అనేకులు నమ్ముదురు. వారితో వాదించుటకు కాదు, మనము నమ్ముచున్నది ఏమిటో, దానివలన మనమీదికి వచ్చు బాధ్యత ఏమిటో తెలిసికొనుటకు లేఖనమును తెరచుదము.

వాగ్దానములు, హెచ్చరికలు

వాగ్దానములు స్పష్టముగా ఉన్నవి. తన గొఱ్ఱెలు ఎన్నటికిని నశింపవనియు, తన చేతిలోనుండియు తన తండ్రి చేతిలోనుండియు వాటిని ఎవడును తీసికొనలేడనియు ప్రభువు చెప్పాడు (యోహాను 10:28, 29). మనలో మంచి పని ఆరంభించినవాడే దానిని కొనసాగించునని పౌలు నమ్మాడు (ఫిలిప్పీ 1:6). మరణమైనను జీవమైనను, ఉన్నవైనను రాబోవునవైనను, సృష్టిలో ఏదియు మనలను దేవుని ప్రేమనుండి ఎడబాపలేదని రోమా 8వ అధ్యాయము చివర చూచుచున్నాము.

హెచ్చరికలు కూడా అంతే స్పష్టముగా ఉన్నవి. పరలోకసంబంధమైన వరమును రుచి చూచిన తరువాత తప్పిపోయినవారిని గూర్చి హెబ్రీ 6వ అధ్యాయము మాటలాడుచున్నది. ఫలింపని తీగెను తీసివేయుదురని యోహాను 15లో ఉన్నది. ఇతరులకు ప్రకటించిన తరువాత తానే భ్రష్టుడనగుదునేమో అని పౌలు తన శరీరమును లోపరచుకొన్నాడు (1 కొరింథీ 9:27). వాగ్దానములను మాత్రమే చదివి హెచ్చరికలను దాటవేయువాడు బైబిలులో సగము చదివినవాడు. హెచ్చరికలు చదివి వాగ్దానములను మరచినవాని సంగతియు అంతే.

ఈ రెండును ఎట్లు కలియును? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములోని ఓడ ప్రయాణము మనకు సహాయము చేయును. తుపానులో ఆశ వదలుకొన్నవారితో పౌలు, ఓడ పోవును గాని మీలో ఎవని ప్రాణమును పోదని దేవుని దూత తనకు తెలియజేసినట్లు చెప్పాడు. అది షరతు లేని మాట. అయితే కొంతసేపటికి ఓడవారు పడవ దింపుకొని పారిపోజూచినప్పుడు అదే పౌలు శతాధిపతితో, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకొనలేరని హెచ్చరించాడు. దేవుడు మాట ఇచ్చిన తరువాత హెచ్చరిక ఎందుకు? దేవుడు తన మాటను నెరవేర్చుకొన్న విధము అదే. హెచ్చరిక విన్న సైనికులు పడవ త్రాళ్లు కోసివేశారు. అందరును ఒడ్డు చేరారు. హెచ్చరిక వాగ్దానమునకు విరోధము కాదు, అది వాగ్దానము చేతిలోని పనిముట్టు.

హెబ్రీ పత్రికలోని భయంకరమైన మాటలను కూడా ఈ విధముగా చదువవలెను. వాటిని వ్రాసినవాడే మూడు వచనముల తరువాత, ఇట్లు చెప్పినను మీ విషయములో రక్షణకు తగిన మంచి సంగతులనే నమ్ముచున్నానని తన చదువరులను ఆదరించాడు (హెబ్రీ 6:9). ఏటి ఒడ్డున ఆడుకొనుచున్న బిడ్డను తల్లి కేకవేసి హెచ్చరించును. బిడ్డను నీటికి వదలివేయుటకు కాదు, వదలివేయకూడదనియే ఆ కేక.

ఇక్కడ రెండు తప్పు త్రోవలను గూర్చి చెప్పవలసియున్నది. మొదటిది, "ఒకసారి రక్షింపబడితే చాలు, తరువాత ఎట్లు బ్రదికినను ఫరవాలేదు" అనుట. ఇది మన పితరుల బోధ కాదు. వారు చెప్పినది పరిశుద్ధులు నిలుచుదురని. నిలువనివాడు కూడా నిలిచినట్లేనని వారు చెప్పలేదు. పదునాలుగవ ఏట తీసికొన్న బాప్తిస్మమును పెట్టెలో దాచిన ఇంటి పత్రమువలె భద్రపరచుకొని, ఆ తరువాత ప్రభువును తలంపని మనుష్యునికి ఈ బోధలో ఏ ఆదరణయు లేదు. రెండవది, ప్రతి ఆదివారము రక్షణ పొంది ప్రతి సోమవారము పోగొట్టుకొన్నట్లు భయపడుట. కోపములో ఒక మాట తూలిన స్త్రీ, ఆ రాత్రి మరణిస్తే నరకమేనని వణకుట. ఈ భయములో పరిశుద్ధత పెరుగదు, అలసట మాత్రమే పెరుగును. మన పట్టు సడలినప్పుడు కూడా కాపరి పట్టు సడలదు. మన రక్షణ నిలుచునది ఆయన చేతిలో, మన చేతిలో కాదు.

గుండ్లకమ్మ ఒడ్డున

అయితే నిజమైన విశ్వాసి ఎవరో మనకు ఎట్లు తెలియును? ఈ ప్రశ్న మన చరిత్రకు క్రొత్త కాదు.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరవు వచ్చినది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేశారు. గుంపులు గుంపులుగా ప్రజలు బాప్తిస్మము అడిగారు. ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినవాడెవడో ప్రభువు కొరకు వచ్చినవాడెవడో తెలియదు గనుక, కరవు సహాయము జరుగుచున్నంత కాలము, ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు నిలిపివేశారు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినమున ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే. మన కుటుంబములలో అనేకుల వంశవృక్షము ఆ ఏటి ఒడ్డునకే చేరును. వారు త్రవ్విన ఆ కాలువయే దక్షిణముగా సాగి మద్రాసు నగరములో బేసిన్ బ్రిడ్జి ప్రక్కగా పోవుచున్నది.

2,222 అను సంఖ్యను మనము సంతోషముతో చెప్పుకొందుము. అయితే అంత జాగ్రత్త తీసికొన్న క్లౌ గారు కూడా ఆ 2,222 మంది హృదయములలోనికి చూడలేదు. చూడగలవాడు ఒక్కడే. మన పట్టీ ఒకటి, గొఱ్ఱెపిల్ల జీవగ్రంథము వేరొకటి. మన పట్టీలో ఉండి అందులో లేనివారు ఉండవచ్చును. మన పట్టీలో కొట్టివేయబడి అందులో ఉన్నవారును ఉండవచ్చును. మనలోనుండి బయలువెళ్లినవారు మొదటినుండియు మన సంబంధులు కారని యోహాను వ్రాసిన మాట (1 యోహాను 2:19) నిజమే. కాని ఆ మాట వెళ్లి తిరిగి రానివారిని గూర్చి, క్రీస్తు విరోధులను గూర్చి వ్రాయబడినది. వెళ్లిన ప్రతివాని వీపు మీద మనము అతికించుటకు ఇయ్యబడిన చీటీ కాదు.

మన పూర్వపు మిషను నివేదికలలో సంఘముల లెక్కలు పట్టికలుగా ఉండెడివి. బాప్తిస్మము పొందినవారు, ఉత్తరముల ద్వారా చేరినవారు, మరణించినవారు, బహిష్కరింపబడినవారు అని గడులు. వాటితోపాటు తిరిగి చేర్చుకొనబడినవారు అని ఒక గడి. ఆ చివరి గడిని గమనించుడి. బహిష్కారపు గడి గీసిన చేయియే దానిని కూడా గీసినది. వెలివేయుట ముగింపు కాదని వారు ఎరుగుదురు.

మరియొక సంగతి. తిరిగి వచ్చినవానికి మన సంఘములు రెండవసారి బాప్తిస్మము ఇయ్యవు. సంఘము యెదుట ఒప్పుకోలు విని, కుడిచేతి సహవాసమిచ్చి, ప్రభువు బల్ల యొద్దకు చేర్చుకొందురు. అతడు రక్షణను పూర్తిగా పోగొట్టుకొని మరల క్రొత్తగా జన్మించినవాడైతే, విశ్వాసులకే బాప్తిస్మమిచ్చు మనము మరల నీటిలోనికి దింపవలసి వచ్చును. ఇది రుజువని మేము చెప్పము. వేరుగా నమ్మువారు కూడా మరల బాప్తిస్మము ఇయ్యరు. అయినను మన ఆచారము మన నమ్మకమునకు ఒక గుర్తు: తప్పిపోయినప్పుడు కూడా ఆ కుమారుడు కుమారుడే.

పట్టణమునకు వచ్చినవారు

ఇప్పుడు మన మధ్యకు వచ్చుదము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు మనకు కూడా రాజధానియే. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు ప్రాంతముల నుండి మనవారు కూలి పనులకు, మిల్లు పనులకు, రైల్వే పనులకు ఇక్కడికి వచ్చారు. 1878లోనే జూవెట్ దొరగారు ఒంగోలు, నెల్లూరులకు తోడుగా మద్రాసులో తెలుగువారి కొరకు పని ఆరంభించారు. అదే కాలమున, 1876లో బకింగ్‌హాం మిల్లు, 1881లో కర్నాటిక్ మిల్లు పుట్టినవి. 1955లో పెరంబూరులో రైలుపెట్టెల కర్మాగారము వచ్చినది.

ఆ రోజులలో ఊరు విడిచి వచ్చు విశ్వాసి తన సంఘము నుండి బదిలీ ఉత్తరము తెచ్చి ఇక్కడి పాస్టరుగారికి ఇచ్చుట మర్యాద. ఉత్తరము తెచ్చినవాడు ఒక కాపుదల నుండి మరియొక కాపుదలకు వచ్చినట్లు. తేనివాడు రెండు పట్టీల మధ్య పడిపోయినట్లు. ఊరి సంఘము, "అతడు మద్రాసులో ఉన్నాడు, అక్కడ గుడికి వెళ్లుచుండును" అనుకొనును. ఇక్కడి సంఘమునకు అతడు ఉన్నట్లే తెలియదు. ఇట్లు ఇరువది సంవత్సరములు గడచిన తరువాత ఊరిలో ఎవరో, "అతడు విశ్వాసము విడిచిపెట్టాడు" అందురు. అతడు విశ్వాసమును విడిచెనో, సంఘములు అతనిని విడిచెనో చెప్పుట కష్టము.

1996లో బి అండ్ సి మిల్లులు మూతబడినప్పుడు వాటిమీద బ్రదికిన కుటుంబములు అద్దె తక్కువగా ఉన్న చోట్లకు చెదరిపోయినవి. 2015 వరదల తరువాత కూవము ఒడ్డున ఉన్న అనేక కుటుంబములను ప్రభుత్వము పెరుంబాక్కమునకు తరలించినది. అట్టి చోటనుండి ఒక వృద్ధురాలు ఆదివారము ఉదయము పురసవాక్కమునకు రావలెనంటే బస్సులు మారి రావలెను. ఆమె రాకపోవుట భ్రష్టత్వము కాదు. తెలుగు చదువరాని మూడవ తరము పిల్లలు తమిళ ఆరాధనకో ఇంగ్లీషు ఆరాధనకో వెళ్లుటయు భ్రష్టత్వము కాదు. మన పట్టీలో కనబడనంత మాత్రమున ప్రభువు మందలో లేరని అనుకొనరాదు. హాజరు వేరు, విశ్వాసము వేరు.

సర్టిఫికెట్టు విషయము

దీనికంటె కఠినమైన సంగతి ఒకటి ఉన్నది. దానిని గూర్చి మనము గుసగుసలాడుదుము గాని బహిరంగముగా మాటలాడము.

1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చినది. క్రైస్తవులకు రాలేదు. తమిళనాడులో ఆది ఆంధ్రులు షెడ్యూల్డు కులముల జాబితాలో ఉన్నారు. వారే క్రైస్తవులని వ్రాయించుకొంటే వెనుకబడిన తరగతి అగుదురు. అంటరానితనము మాత్రము బాప్తిస్మపు తొట్టిలో మునిగిపోలేదు. అందువలన కాలేజీ సీటు కొరకో ఉద్యోగము కొరకో కాగితము మీద ఒకటి, ఆదివారము ఒకటి అయిన కుటుంబములు మన మధ్య ఉన్నవి. పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసమును అనుసరించుచు రిజర్వేషను కొరకు మాత్రము హిందువునని చెప్పుట రాజ్యాంగమును మోసగించుటయేనని తీర్పు చెప్పినది.

ఆ ఉత్తర్వు న్యాయమైనది కాదని సంఘములు దశాబ్దములుగా చెప్పుచున్నవి. మేమును అదే నమ్ముచున్నాము. అయితే ఇక్కడ ప్రశ్న వేరు. దరఖాస్తులో ఆ మాట వ్రాసి సంతకము చేసిన తండ్రి తన రక్షణను పోగొట్టుకొన్నాడా? మనుష్యుల యెదుట తన్ను ఎరుగననువానిని తండ్రి యెదుట తానును ఎరుగనందునని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 10:33) అతనికి తెలియును. తెలిసియే రాత్రులు నిద్రపట్టక పొర్లువారు ఉన్నారు.

ప్రధానయాజకుని ముంగిటిలో పేతురు మూడుమారులు అదే పని చేశాడు. అతనికి సీటు కూడా దొరకలేదు, చలి కాచుకొనుటకు మంట మాత్రము దొరికినది. అయితే అతడు ఎరుగనని చెప్పుటకు ముందే, అతని నమ్మిక తప్పిపోకుండునట్లు ప్రభువు ప్రార్థన చేసియున్నాడు. తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుమని ముందుగానే పని కూడా అప్పగించాడు (లూకా 22:32). పేతురు నోరు తప్పినది. ప్రభువు ప్రార్థన తప్పలేదు. అందుచేతనే కోడి కూసినప్పుడు పేతురు వెలుపలికి పోయి ఏడ్చాడు. ఆ కన్నీళ్లే అతడు పట్టుబడియున్నాడనుటకు గుర్తు.

కాబట్టి అట్టి తండ్రితో మనము రెండు మాటలు చెప్పవలెను. ఒకటి, ఇది చిన్న విషయము కాదు. అబద్ధమును అవసరమని పేరుపెట్టి ఆశీర్వదించుటకు సంఘమునకు అధికారము లేదు. రెండు, నీవు పేతురు నిలిచిన చోట నిలిచియున్నావు. గలిలయ ఒడ్డున నిప్పులు వేసి అతని కొరకు భోజనము సిద్ధపరచినవాడు నీ కొరకును ఉన్నాడు. మొదటి మాట చెప్పి రెండవది చెప్పని సంఘము అతనిని యూదా త్రోవకు త్రోసివేయును. రెండవది చెప్పి మొదటిది చెప్పని సంఘము అతనిని ఏడ్వనియ్యదు. ఇట్టివానిని చూచి వ్రేలు చూపువారు ఒకటి గమనించవలెను. కులము అడుగువారు ఎవరును లేని చోట, ఖర్చు ఏమియు లేనప్పుడు, క్రైస్తవుడనని చెప్పుట సులువు.

దేమా, మార్కు

రెండవ తిమోతి పత్రిక 4వ అధ్యాయములో పదియవ వచనము చదువుడి. దేమా ఇహలోకమును స్నేహించి తన్ను విడిచిపోయెనని పౌలు వ్రాశాడు. పదకొండవ వచనములో, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, అతడు తనకు ప్రయోజనకరమైనవాడనియు వ్రాశాడు. విడిచిపోయిన ఇద్దరు ప్రక్కప్రక్కనే ఉన్నారు. మార్కు కూడా ఒకప్పుడు పంఫూలియలో పని విడిచి ఇంటికి తిరిగిపోయినవాడే (అపొ. 13:13). అప్పుడు అతని పేరు కొట్టివేయవలెనన్నవాడు ఈ పౌలే. బర్నబా ఒప్పుకొనలేదు. తీవ్రమైన వాదము కలిగి వారు వేరైపోయారు. బర్నబా మార్కును తీసికొని కుప్రకు వెళ్లాడు.

పంఫూలియ నుండి మార్కు ఓడ ఎక్కిన దినమున చూచినవారికి అతడును దేమాయును ఒకటిగానే కనబడియుందురు. వెళ్లిపోవుచున్న మనుష్యుని వీపు చూచి అతడు మార్కో దేమాయో చెప్పగలవాడు భూమి మీద లేడు. దేమా కథ కూడా ఆ వచనముతో ముగిసినదని లేఖనము చెప్పలేదు. మార్కు విషయములో మనకు తెలిసినది ఒకటే: అతని వెంట ఒక బర్నబా వెళ్లాడు. దేవుడు తనవారిని నిలుపునని మనము నమ్ముచున్నాము. అయితే ఏ చేతితో నిలుపును? చాలమారులు ఒక సహోదరుని చేతితో, ఒక సహోదరి తట్టిన తలుపుతో నిలుపును. రక్షణ పోదని నమ్ముటయే మనలను వెదకుటకు పంపవలెను. పోదు గదా అని ఇంటిలో కూర్చుండువాడు ఆ బోధను అర్థము చేసికొనలేదు. తొంబదితొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి, తప్పిపోయినది ఇంకను తనదేనని నమ్మినందుననే వెళ్లాడు.

సంఘ క్రమశిక్షణ వలదని మేము చెప్పుట లేదు. కొరింథులో పౌలు ఒకనిని వెలివేయుమన్నాడు. అతని ఆత్మ రక్షింపబడుటకే అట్లన్నాడు (1 కొరింథీ 5:5). శిక్ష పొందినవానిని గూర్చి తరువాతి పత్రికలో, ఇక చాలును, అతడు అధిక దుఃఖములో మునిగిపోకుండ క్షమించి ఆదరించుడని వ్రాశాడు (2 కొరింథీ 2:6, 7). వెలికి గడువు ఉన్నది, దాని గురి తిరిగి వచ్చుట.

కాబట్టి మన సంఘముల పెద్దలకు మా మనవి ఇది. సభ్యుల పట్టీ సవరించునప్పుడు, ఏ పేరునైనను కొట్టివేయుటకు ముందు ఇద్దరు వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టవలెను. ఇల్లు మారితే క్రొత్త చోటు కనుగొనవలెను. ఊరి సంఘమునకు ఒక ఉత్తరము, ఇప్పుడైతే ఒక ఫోను, చేయవలెను. దూరమునకు తరలిపోయినవారికి నెలకొకసారియైనను అక్కడనే ప్రభువు బల్ల ఇయ్యవలెను. దొరకనివారి పేర్లను కొట్టివేయక, వేరొక కాగితము మీద వ్రాసికొని బుధవారపు ప్రార్థన కూటములో పేరు పేరున ప్రార్థించవలెను. ఊరినుండి క్రొత్తగా వచ్చిన పిల్లలకు ఉత్తరము లేకపోయినను, మొదటి ఆదివారమే వారి పేరు, వారి ఊరి సంఘము పేరు అడిగి వ్రాసికొనవలెను.

ఇక ఆ తల్లికి ఏమి చెప్పుదము? "నీ కుమారుడు బాప్తిస్మము పొందియున్నాడు గనుక భయపడకుము" అని చెప్పలేము. అది మనకు తెలియదు. "అతడు భ్రష్టుడాయెను" అని అసలే చెప్పరాదు. అదియు మనకు తెలియదు. తెలిసినది చెప్పుదము: తనయొద్దకు వచ్చువానిని ప్రభువు ఎంతమాత్రమును త్రోసివేయడు. తనవారిని ఆయన మరచిపోడు. నీ కన్నీళ్లకంటె ముందు నుండియు ఆయన అడుగుచున్నాడు. మేము కూడా నీతో కలిసి అతని యొద్దకు వచ్చుదుము. ఒకవేళ అతడు తిరిగి రాకమునుపే మరణించి, మనము కీల్పాక్ సమాధుల తోటలో నిలువవలసి వచ్చినను, తీర్పు చెప్పు పని మనది కాదు. సిలువ మీద చివరి గడియలో ఒకడు మొఱపెట్టగా విన్నవాడు, త్రాగుబోతు చివరి రాత్రి ఏమి పలికెనో కూడా విన్నాడు. ఆయన న్యాయము చేయును. ఆయన కనికరము గలవాడు.

సహోదరీ సహోదరులారా, నేను నిలుచుదునా అని మీకు భయము కలిగితే, ఆ భయముతోనే ఆయన యొద్దకు వెళ్లుడి. ఫలాన ఆయన నిలుచునా అని మీకు సందేహము కలిగితే, అతని యింటికి వెళ్లుడి. తొట్రిల్లకుండ మనలను కాపాడి, తన మహిమ యెదుట ఆనందముతో నిర్దోషులనుగా నిలువబెట్టుటకు శక్తిగల మన రక్షకుడైన దేవునికి యుగయుగములు మహిమ కలుగును గాక. ఆమేన్.